మట్టం కుదిరేదాకా

ఆత్రేయపురం దాటాక ఆటో దిగి
లాకుల పక్కనున్న ఇరిగేషన్ వాళ్ల పాత బంగళాకి
నేను చేరేసరికి
వరండాలో పదకొండు జతల చెప్పులు.
నా జత కాస్త దూరంగా విడిచాను.

సంచీలో రెండు చీరలు, దోమల బత్తీలు,
టీకాల రిజిస్టరు వెనక పేజీల్లో
బీసీజీ, పోలియో గళ్లకి అడ్డంపడి రాసుకున్న
పందొమ్మిది కవితలు.
ఎవరైనా "ఏం చేస్తారమ్మా" అంటే
"ఏఎన్ఎమ్‌ని" అనడానికి సిద్ధంగా ఉన్నాను,
"రాస్తాను" అనడానికి కాదు.

భానోజీరావు గారొచ్చారని గుసగుస.
తొమ్మిది నవలలు.
పెళ్లికి ముందు, లైబ్రరీ పుస్తకంలోంచి
ఆయన పేజీ ఒకటి చింపి దాచుకున్నాను.
ఆ దొంగతనం మూడో రాత్రి దాకా నోట్లోనే ఉంది.

మొదటిరోజు ఎవరి బల్ల వాళ్లదే.
పుస్తకాలు వేసినవాళ్లు కిటికీల వైపు,
వేయనివాళ్లం వంటగది వైపు.
ఆ గీత ఎవరూ గీయలేదు.
నీళ్లు పల్లం వెతుక్కున్నట్టు
మాకు మేమే జారి కూర్చున్నాం.

రాత్రి కరెంటు పోయింది.
గెద్దాడ ఏసుపాదం లేచాడు,
రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు.
చేతులు కట్టుకోబోయి
ఫోను వెలుగు పట్టుకోవాలి కదా అని ఆగి
చదివాడు:
"ఏరేటర్ ఆగితే తెల్లారుజామున
రొయ్య తేలుద్ది.
మూతి పైకెట్టి గాలి అడుగుద్ది.
రొయ్యకి అరుపు లేదు.
దాని బదులు నేనే అరుసుకుంటా
జనరేటర్ కాడికి పరిగెడతా."
అంతే. కూర్చున్నాడు.

తణుకు లెక్చరర్ గారు "భాష కొంచెం..." అనబోతే
భానోజీరావు గారు చెయ్యెత్తారు.
"తేలడం అంటే అదేనా?"
"అదేనండి."
కాలవలో ఏదో చేప ఎగిరి పడింది.
"అయితే నేను తేలి మూడేళ్లయిందయ్యా.
ఒక్క వాక్యం రాయలేదు.
మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీదు."

తెల్లారేసరికి బల్లలు ఎవరు జరిపారో!
లెక్చరర్ గారు మాత్రం
ఇది సంతలా ఉందని బస్సెక్కేశారు,
కళ్లజోడు దిండు కింద మరిచి.

వంట చేసే సత్యవేణి గుమ్మంలో నిలబడి వింటూ
"చింతచిగురు కొయ్యరండీ, దూస్తారు" అంది
రెండు అవార్డుల కథకురాలితో.
ఆవిడ కొట్టేసి, దిద్దుకుని,
మధ్యాహ్నం ఎండురొయ్యల కూరలో
రెండోసారి వడ్డించుకుంది.

నా కవిత విని ఆయన
"చివరి రెండు లైన్లు తీసెయ్యమ్మా,
అక్కడ భయపడ్డావు" అన్నారు.
రాత్రంతా కోపం, దోమలు.
పొద్దున ఒకటి తీశాను. ఒకటి తియ్యలేదు.
అప్పుడే చెప్పాను చింపిన పేజీ సంగతి.
"ఏ పేజీ?" అన్నారు ఆశగా,
ఎవరో ఆయన తప్పిపోయిన పిల్లాణ్ని చూశామన్నట్టు.

ఆఖరిరోజు లస్కరు నూకరాజు
తుప్పుపట్టిన తలుపులు చూపించాడు.
"పడవలు తిరిగే రోజుల్లోనండి
పైకాలవ ఎత్తు, కిందకాలవ పల్లం.
పడవని ఈ గదిలోకి తెచ్చి మూసేసేవోళ్లం.
ధాన్యం పడవైనా, దొరగారి లాంచీ అయినా
తెడ్లు పైకెట్టుకుని
మట్టం కుదిరేదాకా ఇందులోనే.
ఒకరి చుట్ట నిప్పు ఇంకొకరికి.
తొందరపడితే తలుపు రాదండి."
ఎవరూ నోట్సు రాసుకోలేదు.

ఇప్పుడు నేను సబ్‌సెంటర్‌లో ఉన్నాను.
కొత్త రిజిస్టరు వచ్చింది, వెనకపేజీలు తక్కువ.
కళ్లజోడు ఇంకా సత్యవేణి దగ్గరే ఉందట,
పాత గుడ్డలో చుట్టి.
భానోజీరావు గారు రాస్తున్నారో లేదో
అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

నిన్న రాత్రి మూడుంబావుకి ఫోను మోగింది. ఏసుపాదం.
"కరెంటు పోలేదండి,
లైనొకటి వచ్చింది, వింటారా?"
వెనకాల ఏరేటర్ నీళ్లు కొడుతోంది.

లేచి లైటు వేశాను.